అమ్మకి చెప్పొద్దు

ఆ శనివారం రూతు బట్టల షాపు నుంచి భోజనానికి ఇంటికి వచ్చేసరికి కూతురు దీవెన గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. నాలుగేళ్ళ పిల్ల. అమ్మను చూడగానే పరుగెత్తబోయి పక్కకి తూలి గోడకి కొట్టుకుంది. ఎత్తుకుంటే ఒళ్ళు వడలిపోయి ఉంది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"అత్తయ్యా, దీనికేమైంది?"

వంటింట్లోంచి దేవమ్మ కంగారుగా వచ్చింది. "ఇందాకటిదాకా ఆడుకుంటూనే ఉందమ్మా. ఒకసారి వాంతి చేసుకుంది. ఎండకేమో అనుకున్నా."

రూతు పిల్లను చున్నీతో నడుముకి కట్టుకుని, స్కూటీ మీద అవనిగడ్డ సెంటర్లో ఉన్న పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఫోన్ చేస్తే ఆమె భర్త డేవిడ్ రాజు స్కూల్లో లెక్కల క్లాసు మధ్యలో వదిలేసి ఆటోలో వచ్చాడు. డాక్టరు పిల్ల కళ్ళలో లైటు వేసి చూశాడు. నల్లగుడ్లు ఒకచోట నిలవకుండా అదురుతున్నాయి.

"ఇంట్లో ఎవరైనా మాత్రలు వాడుతున్నారా? పిల్ల ఏమైనా మింగిందేమో గుర్తు తెచ్చుకోండి."

"మా ఇంట్లో ఆ అలవాటే లేదండీ," అంది రూతు. "అత్తయ్యకి బీపీ కూడా లేదు. మా ఆయనైతే తలనొప్పి వచ్చినా మాత్ర వేసుకోరు. దీని సిరప్పులన్నీ బీరువా మీదే ఉంటాయి. పొద్దున కూడా చూశాను."

డేవిడ్ రాజు కూతురి అరికాళ్ళు నిమురుతూ నిలబడ్డాడు.

డాక్టరు వాళ్ళను బందరు పంపించాడు. అంబులెన్సు పులిగడ్డ దాటి చల్లపల్లి వైపు వెళ్తుంటే రూతు అత్తగారికి ఫోన్ చేసింది. "ఇల్లంతా వెతకండి అత్తయ్యా. మంచాల కింద, అలమరల్లో, అన్నిచోట్లా." కాసేపటికి దేవమ్మ తిరిగి చేసి, ఏమీ దొరకలేదని చెప్పింది. ఆ తర్వాత డేవిడ్ రాజు ఫోన్ మోగింది. అతను రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. స్కూలు నుంచి అయ్యుంటుందనుకుంది రూతు.

బందరు ఆసుపత్రిలో డాక్టరమ్మ మళ్ళీ అదే ప్రశ్న అడిగింది. రూతు మళ్ళీ అదే జవాబు చెప్పింది, ఈసారి ఒట్టు వేసి మరీ. అలాంటప్పుడు మెదడువాపు కాదని తేల్చుకోవాలన్నారు. రక్తం తీశారు, తలకి స్కానింగ్ చేశారు. చివరికి వెన్నులోంచి నీరు తీసి పరీక్షకి పంపాలని చెప్పి తల్లిదండ్రులిద్దర్నీ బయట నిలబెట్టారు. అప్పటిదాకా మత్తుగా పడి ఉన్న పిల్ల ఒక్కసారిగా కేక పెట్టింది. రూతు తలుపుకి నుదురు ఆనించి ప్రార్థన చేసుకుంది. డేవిడ్ రాజు రెండు చెవులూ మూసుకుని వరండా చివరిదాకా వెళ్ళిపోయాడు.

సూది అయ్యాక రూతును పిల్ల దగ్గరికి రానిచ్చారు. కాసేపటికి డాక్టరమ్మ హడావుడిగా లోపలికి వచ్చింది. పిల్ల ముక్కులోంచి గొట్టం వేసి బొగ్గులాంటి నల్లటి మందు ఎక్కించారు. గుండె కొట్టుకునేది చూడటానికి మిషన్ తగిలించారు. ఎందుకో ఎవరూ చెప్పలేదు. సెలైన్ సరిచేస్తున్న నర్సే ధైర్యం చెప్పబోయింది.

"ఇంక భయం లేదమ్మా. మీ ఆయన వేసుకునే ఫిట్స్ మాత్రలేనని తెలిసింది కదా, దానికి తగ్గట్టు చూస్తారు. ముందే తెలిసుంటే పాపం ఆ వెన్నుపూస సూది తప్పేది."

"ఎవరి మాత్రలు?" అంది రూతు.

నర్సు చెయ్యి ఆగిపోయింది. "మీ ఆయనే వరండాలో డాక్టరుగారికి చెప్పారమ్మా," అని గొణిగి అవతలి మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

రూతు మంచం పక్కన స్టూలు మీద కూర్చుండిపోయింది. డేవిడ్ రాజు బండి నడపడు. ఆమె నడిపితే వెనక కూర్చుంటాడు, ఎవరు నవ్వినా పట్టించుకోడు. నాగాయలంకలో పడవ ఎక్కమంటే ఎక్కడు. మంగినపూడిలో మోకాలి లోతు దాటి సముద్రంలోకి దిగడు. స్నానాల గది గడియ వేసుకోడు. తన భర్త ఎంత జాగ్రత్త గల మనిషో అని ఆమె షాపులో అందరికీ చెప్పుకునేది. ఇప్పుడు అవన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి ఒళ్ళు మండిపోయింది.

లేచి వరండాలోకి వెళ్ళింది.

"ఎప్పటినుంచి?"

అతను తలెత్తలేదు. "ఇంటర్ చదివేటప్పటినుంచి. పెళ్ళయ్యాక ఒక్కసారి కూడా రాలేదు రూతూ. మందు మానకూడదన్నారు."

"ఎక్కడ దాచారు?"

"పుస్తకాల వెనక. పిప్పరమెంట్ల డబ్బాలో పోసి పెట్టుకుంటాను. నువ్వు చూసినా..."

"అవనిగడ్డలో డాక్టరు అడిగినప్పుడు నా పక్కనే ఉన్నారు కదండీ."

"డబ్బా అక్కడే భద్రంగా ఉందనుకున్నాను. అదే అయ్యుంటుందని అనుకోలేదు."

"మరి ఎప్పుడు తెలిసింది?"

"అంబులెన్సులో. డబ్బా మంచం కింద ఖాళీగా దొరికిందని అమ్మ ఫోన్ చేసింది."

"అంటే స్కానింగ్ తీస్తున్నప్పుడు తెలుసు. నేను ఒట్టు వేస్తున్నప్పుడు తెలుసు. పిల్లకి వెన్నులో సూది గుచ్చుతున్నప్పుడూ తెలుసు."

"చెబుదామనే అనుకున్నాను. నువ్వు పక్కనే ఉన్నావు. దాని కేక విన్నాక ఇక తట్టుకోలేకపోయాను."

"డాక్టరుకి చెప్పారు. నాకు చెప్పలేదు."

ఆమె వెనక్కి తిరిగి పిల్ల దగ్గరికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే క్యారేజీ పట్టుకుని దేవమ్మ వచ్చింది. కోడలి ముఖం చూసి అంతా అర్థం చేసుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమీ దొరకలేదన్నారు అత్తయ్యా. నాతో ఏమీ దొరకలేదని చెప్పి, ఆ వెంటనే ఆయనకి ఫోన్ చేశారు."

"నీకు తెలిస్తే వాణ్ణి వదిలేస్తావని భయమమ్మా."

"ఫిట్స్ ఉన్నాయని వదిలేస్తానా? ముందే చెప్పుంటే మందు డబ్బా నేనే పైన పెట్టేదాన్ని. వేళకి నేనే ఇచ్చేదాన్ని. దాచబట్టే కదా అవి పిల్ల కంటికి పిప్పరమెంట్లయ్యాయి!" రూతు ఊపిరి తీసుకుంది. "దాన్ని డిశ్చార్జి చెయ్యగానే పామిడిముక్కలలో మా పుట్టింటికి వెళ్ళిపోతున్నాను. మా నాన్నతోనే చెప్తాను."

దేవమ్మ కళ్ళు తుడుచుకుంది. "మీ నాన్నకి తెలుసమ్మా."

"ఏం తెలుసు?"

"పెళ్ళిచూపుల రోజే చెప్పాం. సంబంధం మంచిది, మందులతో పోయేదాన్ని పిల్లకి చెప్పి బెదరగొట్టొద్దని ఆయనే అన్నాడు."

రూతు అక్కడే నిలబడి తండ్రికి ఫోన్ చేసింది. సత్యానందం అంతా విన్నాడు. కూతురు ఏడుస్తూ, "నీకు తెలుసా నాన్నా?" అని అడిగింది.

"పాప ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు ఆయన.

ఆమె ఫోన్ పెట్టేసింది. అప్పటిదాకా బ్యాగు సర్దుకుని వెళ్ళడానికి ఒక ఇల్లు ఉందనుకుంది. ఇప్పుడు అదీ లేదు.

మధ్యాహ్నానికి దీవెన కళ్ళు నిలకడగా చూశాయి. గొట్టం తీసేశాక పాలు అడిగింది. తాగుతూ తాగుతూ, "నాన్న పిప్పరమెంట్లు బాలేవమ్మా, చేదు," అంది.

"చేదైతే ఎందుకు తిన్నావే?"

"నాన్నలాగా నీళ్ళతో మింగా. నాన్న రోజూ మింగుతాడు. అమ్మకి చెప్పొద్దన్నాడు."

రూతు గ్లాసు కింద పెట్టి గుమ్మం వైపు చూసింది. డేవిడ్ రాజు అక్కడే ఉన్నాడు. విన్నాడు.

"లోపలికి రండి," అంది. "అవేంటో దానికి మీ నోటితోనే చెప్పండి."

అతను మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అవి పిప్పరమెంట్లు కావు తల్లీ. మందు. నాన్నకి ఫిట్స్ జబ్బు ఉంది. అది రాకుండా వేసుకుంటాను. నేను నీకు అబద్ధం చెప్పాను. అమ్మకి కూడా."

పిల్ల ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, నాన్న ఎందుకు ఏడుస్తున్నాడని తల్లిని అడిగింది.

రూతు అతన్ని వదిలి వెళ్ళలేదు. అవనిగడ్డ ఇంటికే పిల్లను తెచ్చుకుంది. మాత్రలు అట్టల్లోనే, పేరు కనిపించేలా బీరువా మీద ఉంటున్నాయి. రాత్రి భోజనమయ్యాక ఆమే తీసి ఇస్తుంది, అతను వేసుకుంటాడు. తండ్రి ఫోన్ చేస్తే పాప చేతికిస్తుంది తప్ప తాను మాట్లాడదు. దేవమ్మతో అవసరమున్నంత వరకే మాట. చాలాకాలం వరకు, పాలు తెచ్చి గిన్నెలో పోశానని డేవిడ్ రాజు చెప్పినా, ఆమె వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీసి చూసుకునేది.