ఎర చేపల మాస్టారు

బైండరమ్మకి ఆ ఆదివారం పొద్దున్నే ఒళ్లు మండిపోయింది. మంట కొత్తది కాదు. ఆరేళ్లుగా లోపల రాజుకుంటూనే ఉంది.

ప్రెస్సులో పుస్తకాలు కుడుతుంది కాబట్టి అందరూ ఆమెని బైండరమ్మ అంటారు. డ్యూటీకి ముందు ఒక గంట, ప్రెస్సు వెనక కాలవలో పరిగెలు, అంటే వేలెడంత చేపలు, పడుతుంది. వండుకోవడానికి కాదు, మొగుడి గాలానికి ఎరగా. పెద్ద చేప పడాలంటే ముల్లుకి హుషారుగా ఈదే చిన్న చేపని గుచ్చాలి. కొట్లో అమ్మేవి ముల్లు తగలగానే తేలిపోతాయి. అందుకే ఆమె ప్లాస్టిక్ సీసా మూతి కోసి, తిరగేసి లోపలికి దూర్చి, రొట్టెముక్కలు వేసి రాళ్ల సందున పెడుతుంది. దోమతెర గుడ్డతో తనే కుట్టుకున్న చేతివలతో నాచు కింద తోడుతుంది. తడిచేత్తోనే ముట్టుకుంటుంది. పొడిచెయ్యి తగిలితే ఒంటిమీది జిగురు పోయి సాయంత్రానికి చస్తాయి. ఇదంతా ఎవరూ చెప్పలేదు. బకెట్లకి బకెట్లు చేపల్ని చంపుకుని, తిట్టుకుని, నేర్చుకుంది.

ఆ పరిగెలతోనే మొగుడుగారు ఫిషింగ్ క్లబ్బులో మూడు కప్పులు కొట్టారు. అక్కడ ఆయన్ని ఛాంపియన్ అంటారు. కప్పులు హాల్లో టీవీ పక్కన మెరుస్తుంటాయి. వాటిని తుడిచేది ఎవరో వేరే చెప్పాలా!

పది రోజుల క్రితం క్లబ్బు సెక్రటరీ ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తింది బైండరమ్మే.

"మీ ఇంటి ఎర చేపల్లాంటివి నేనెక్కడా చూడలేదమ్మా. అవి పట్టేవాళ్లెవరో వచ్చి మావాళ్లకి నేర్పాలి. మొదటి క్లాసు నచ్చిందంటే ఏడాదంతా ప్రతి ఆదివారం వాళ్లే మాస్టారు," అన్నాడు.

ఆమె "అవి పట్టేది..." అంటుండగానే ఛాంపియన్‌గారు ఫోన్ లాక్కుని, "నేనేనండీ! తప్పకుండా వస్తా!" అనేశారు.

"మీరెప్పుడు పట్టారండీ?" అని అడిగింది తర్వాత.

"ఎవరు పడితే ఏంటే? మనింటివేగా! అయినా అంతమంది ముందు నువ్వు మాట్లాడగలవా? వణికి చస్తావు."

వణుకుతుందో లేదో చూసుకునే అవకాశమైనా ఇవ్వొచ్చుగా! అదీ ఆయనే తేల్చేశారు. ఆమెకి మాత్రం ఆ క్లాసు మీదే ప్రాణం. ప్రెస్సులో పుస్తకాల వీపులకి జిగురు రాస్తూ, తనకి దక్కని ఆ మొదటి పాఠాన్ని పెదాల మీదే పదిసార్లు చెప్పుకుంది.

మొదటి క్లాసు ఆ ఆదివారమే, కాలవ ఒడ్డునే ఉన్న క్లబ్బు వరండాలో. ముప్పై మంది దాకా వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. ఆమె పొద్దున పట్టిన నలభై పరిగెల్ని కాలవనీళ్లతోనే బకెట్లో తెచ్చి, చేతివలతో పాటు బల్ల మీద పెట్టింది.

"మా ఆవిడ. సరదాగా చూద్దామని వచ్చింది," అని అందరికీ పరిచయం చేసి, ఛాంపియన్‌గారు ఆమె చెవిలో గొణిగారు. "వెనక కూర్చో. మధ్యలో నోరు తెరవకు."

కూర్చుంది. పళ్లు నూరుకుంటూ కూర్చుంది.

ఆయన బకెట్లోకి తొంగిచూసి మొహం చిట్లించారు. నీళ్లు మట్టిరంగులో ఉన్నాయి, ముందువరసకి చేపలు కనబడవు. వెంటనే గుడ్డ అడ్డుపెట్టి ఆ నీళ్లు పారబోసి, పక్కనున్న కుళాయి తిప్పి బకెట్ నిండా పట్టేశారు.

"చూశారా, అద్దంలా ఉన్నాయి! ఎర చేపకి శుభ్రత ముఖ్యం!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు కూడా!

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కుళాయినీళ్లలో క్లోరిన్ మందు కలుపుతారు. అది మనుషులకి మంచిది, పరిగెలకి విషం. 'చావనీ. ఇంతమంది ముందూ చావనీ. మాస్టారెవరో అప్పుడు తెలుస్తుంది,' అనుకుంది. ఛాంపియన్‌గారు రోజూ నాలుగింటికి లేచి కాలవలో దిగడం గురించి కోతలు కోస్తున్నారు. ఎనిమిదింటికి దుప్పటి లాగితే తప్ప లేవని మనిషి! బకెట్లో పరిగెలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి వెల్లకిలా తిరిగింది.

ఇక ఆమె వల్ల కాలేదు. కుర్చీ పడిపోయేంత విసురుగా లేచి, బల్ల కిందున్న బేసిన్ లాక్కుని, మెట్లు దిగి కాలవనీళ్లు ముంచుకొచ్చింది. చేతులు తడుపుకుని రెండేసి, మూడేసి చేపల్ని అందులోకి మార్చింది. పదకొండు అప్పటికే పోయాయి.

"కుళాయినీళ్లు పోస్తారా ఎవరైనా? వీటిని చంపడానికా నేను తెల్లారకముందే కాలవలో దిగింది?" అని అరిచింది.

"మీకిదంతా ఎలా తెలుసమ్మా?" అన్నాడు సెక్రటరీ మెల్లగా.

ఛాంపియన్‌గారు పెద్దగా నవ్వారు. "నేనే నేర్పానండీ. కాస్త కంగారు మనిషి, ఏమీ అనుకోకండి."

అంతవరకూ ఆమె చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఆ మాటతో ఆగిపోయాయి. బల్ల మీది చేతివల తీసి ఆయన చేతిలో పెట్టింది.

"అయితే పట్టి చూపించండి మాస్టారూ. కాలవ అక్కడే ఉంది."

ఇంతమంది చూస్తుంటే దిగక తప్పుతుందా? ప్యాంటు మడిచి దిగారు. ఎండకి వీపు పెట్టి నిలబడ్డారు. ఆయన నీడంతా నీళ్ల మీద పడింది, అది చూసి ఉన్న పరిగెలన్నీ పారిపోయాయి. వల వేశారు, నాచు వచ్చింది. మళ్లీ వేశారు, చెప్పుముక్క వచ్చింది. మూడోసారి జారి కూలబడ్డారు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకి నవ్వు రాలేదు. ఆరేళ్లు ఈ మనిషికా చేపలు పట్టిపెట్టాను అనుకుంది.

ఆయన తడిసిన బట్టలతో ఒడ్డు దాకా వచ్చి, ఆమెకి మాత్రమే వినబడేట్టు అడిగారు. "ఒక్కసారి చెప్పవే. ఎక్కడ వెయ్యాలి?"

"గట్టిగా అడగండి," అంది బైండరమ్మ. "అందరికీ వినబడాలి."

ఆయన ముప్పైమంది వంకా చూశారు. నోరు తెరిచారు, మూశారు.

ఆమె ఇంక ఆగలేదు. ఆయన చేతిలోంచి వల లాక్కుని, నీళ్లలోకి దిగి, వరండా వైపు తిరిగి, "దగ్గరికి రండి. ఎవరి నీడా నీళ్ల మీద పడకూడదు, ఇటు నిలబడండి," అంది.

అందరూ కుర్చీలు వదిలి మెట్లు దిగి వచ్చారు. ఛాంపియన్‌గారు కూడా తన నీడ ఎక్కడ పడుతోందో చూసుకుని రెండడుగులు పక్కకి జరిగారు.