పరదా బండిలో పూడిమడక

పెళ్ళయిన కొత్తలో పార్వతీపురం నుంచి నన్ను అనకాపల్లి తీసుకొస్తూ, రైల్లో మా ఆయన జియావుద్దీన్ ఒక మాటన్నారు. "మా ఊరికి సముద్రం దగ్గరే. నిన్ను తీసుకెళ్ళి సూపిత్తాను, సర్వరూ." కొండల పక్కన పుట్టినదాన్ని, అప్పటికి నాగావళి కన్నా పెద్ద నీళ్ళు నేను చూడలేదు. ఆ మాటకి ఎంత సంబరపడ్డానో. మా ఆయన మాట ఇచ్చేస్తే పని అయిపోయినట్టే లెక్క వేసుకునే మనిషని అప్పుడు నాకేం తెలుసు?

మొదట్లో లాంతర్ల దుకాణం కొత్తదన్నారు. తర్వాత పిల్లలు చిన్నవాళ్ళన్నారు. ఆ తర్వాత జపానువాడు విశాఖపట్నం మీద బాంబులు వేశాడు గనక సముద్రం పేరే ఎత్తకూడదన్నారు. యుద్ధం అయిపోయింది. జపానువాడు ఓడిపోయి ఇంటికి వెళ్ళిపోయాడు. మా ఆయన మాత్రం దుకాణం అరుగు మీంచి లేవలేదు.

చివరికి ఆయన్ని లేపింది మా అత్త సకీనాబీ ఉబ్బసం. సముద్రపు గాలి పీలిస్తే మంచిదని హకీం గారు అన్నారు. ఇన్నేళ్ళు నేను అడిగినా దొరకని తీరిక, హకీం గారి ఒక్క మాటతో దొరికేసింది. నాకు ఒళ్ళు మండింది. అయినా నోరు మూసుకుని రొట్టెలు కాల్చి మూట కట్టాను, ఎవరి పేరు చెప్పుకునైనా సముద్రం చూడొచ్చు కదా అని. శుక్రవారం నమాజు అయ్యాక బయల్దేరి, రెండ్రోజులు పూడిమడకలో ఉండి రావాలని ఏర్పాటు.

పోనీ కాలమైనా మంచిదా? డిసెంబరు నెల. చెరకు గానుగలాడే రోజులు, ఊళ్ళో బళ్ళన్నీ బెల్లం మోయడానికే చాలడం లేదు. సత్తియ్య అనే బండివాడు ఒక్కడు వస్తానన్నాడు. నిన్నటిదాకా బెల్లం మోసిన బండి అది. పలకల సందుల్లో ఉన్న చీమలన్నీ మాతోపాటే ప్రయాణం కట్టాయి. బండికి నాలుగు వైపులా పరదా కట్టించి, లోపల నన్నూ అత్తనీ కూర్చోబెట్టి, మా ఆయన సత్తియ్య పక్కన దర్జాగా ఎక్కారు. మా ఇంటి ఆడవాళ్ళు పరదా లేకుండా గడప దాటకూడదని మా మామగారు పెట్టిన కట్టుబాటు. మామగారు పోయి చాలాకాలమైంది, కట్టుబాటు మాత్రం నిక్షేపంగా ఉంది.

ఊరు దాటామో లేదో వాన పట్టుకుంది. వాయుగుండమట. పరదా తడిసి ముక్కుకి అంటుకుంటోంది, కింద చీమలు, పక్కన అత్త.

"సముద్రమంటే ఏటనుకున్నావు? ఒట్టి నీళ్ళు. ఒకటే హోరు, ఉప్పు వాసన. మీ మామ నన్ను మూడుసార్లు తీసుకొచ్చేడు. నాకు కొత్తేటీ కాదు" అంది అత్త.

"నాకు కొత్తే కదత్తా" అన్నాను.

"సూసేక నువ్వే అంటావు, దీనికేనా ఇంత గోల సేసేనని." ఇదే మాట అచ్యుతాపురం దాకా అంటూనే ఉంది. ఆ రాత్రికి అక్కడ తెలిసినవాళ్ళింట్లో తలదాచుకుని, తెల్లారి మళ్ళీ తడుస్తూ పూడిమడక చేరాం.

అక్కడ అప్పలరాజు అనే పడవల ఆసామి మాకు ఒక గది ఇచ్చాడు. ఆయన పడవలకి లాంతర్లు మా దుకాణం నుంచే వెళ్తాయి. గదికి ఒకటే కిటికీ, అదీ వీధి వైపు. గోడ వెనక నుంచి సముద్రం హోరు వినిపిస్తోంది. నా ప్రాణమంతా అక్కడే ఉంది. చెమ్మ తగిలితే ఆయాసం ఎక్కువవుతుందని మా ఆయన ఆ కిటికీ కూడా మూయించారు. అలా, సముద్రపు గాలి కోసం వచ్చిన మనిషి కుంపటి పొగ పీలుస్తూ కూర్చుంది.

మా ఆయన మాత్రం గొడుగు వేసుకుని వెళ్ళి వచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"అబ్బో, ఏం కెరటాలనుకున్నావు! తాడిసెట్టంత లేత్తన్నాయి. సూడాల నువ్వు!"

సూడాల నువ్వు, అని నాతో అంటున్నారు!

"మరి తీసుకెళ్ళండి" అన్నాను.

"ఈ వాన్లో ఆడోళ్ళని ఎలా తీసుకెళ్తానే?"

"వాన లేకపోతే తీసుకెళ్దురా?"

"వాన లేకపోతే ఒడ్డంతా వలలు లాగే మగోళ్ళే కదా. ఎలా తీసుకెళ్తాను?"

వానుంటే వాన, లేకపోతే మగవాళ్ళు. ఈ లెక్కన నేను సముద్రం చూడాలంటే ఏ కాలంలో పుట్టాలో మా ఆయనే చెప్పాలి. కుంపటి మీద చాయ్ గిన్నె ఎత్తి ఆయన కాళ్ళ దగ్గర కుదేశాను. ఆయన అర్థం చేసుకోలేదు. చాయ్ బాగుందన్నారు.

ఆదివారం పొద్దున్న కూడా వాన తగ్గలేదు. ఇంక లాభం లేదు, బండి కట్టించేస్తానన్నారు. అప్పుడు నాకు ఏడుపొచ్చింది. కోపంతో వచ్చిన ఏడుపు. "ఒక్కసారి చూపించకుండా ఇంటికి తీసుకెళ్తే, ఇంక ఈ జన్మలో మీ మాట నమ్మను" అన్నాను. అత్త వింటోందని కూడా చూడలేదు. ఆయన కాసేపు గొడుగు తడి దులిపి, "సరే, బండి ఒడ్డు మీంచి పోనిత్తాను. కదలకుండా లోపల్నించే సూసెయ్యి" అన్నారు.

బండి ఇసకలో ఆగింది. హోరుకి పలకలు అదురుతున్నాయి. వెనక పరదా కొంచెం ఎత్తి చూశాను. ఎదురుగా సరుగుడు తోట. చెట్లు, చెట్లు, ఇంకా చెట్లు.

"బండి ఇటు తిప్పించండి!" అని అరిచాను.

"ఎద్దులు బెదిరిపోయి తిరగట్లేదు బూబమ్మా! కెరటాలు మీదికొచ్చేత్తన్నట్టుంది వాటికి. ముందు పక్కన తెర తీత్తే గాలికి ఎగిరిపోద్ది" అన్నాడు సత్తియ్య.

నాకు ఒళ్ళు తెలియలేదు. అత్త వైపు తిరిగి, "మీరు మూడుసార్లు ఎలా చూశారు మరి? ఆ ఉపాయమేదో నాకూ చెప్పండి" అన్నాను.



"నేను సూసినవీ సెట్లే" అంది అత్త. "మూడుసార్లూ ఇలాగే ఆపించేడు మీ మామ. దిగనివ్వలేదు. సప్పుడు విన్నాను, వాసన పీల్సేను. ఇంటికెళ్ళేక అందరూ ఎలాగుందని అడిగితే ఏం సెప్పను? సూసేననే సెప్పేను."

నా కోపమంతా ఎటు పోయిందో. దారి పొడుగునా ఈ మనిషిని మనసులో ఎన్ని తిట్టానో తలుచుకుని సిగ్గేసింది. ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. ఎముకలు తప్ప ఏమీ లేవు ఆ చేతిలో.

"సత్తియ్యా, ఒడ్డున ఎవరైనా ఉన్నారా?" అని అడిగాను.

"ఎవులుంటారమ్మా? ఒక్క పురుగు నేదు. ఈ వాన్లో ఎవులొత్తారు?"

అత్త తలెత్తింది. ఆ మాట నాకన్నా ముందు ఆవిడకే ఎక్కింది.

"మరి ఈ గుడ్డ ఎవుల కోసం?" అంటూ పరదా పక్కకి లాగేసి కాలు కిందికి చాచింది. నేను దూకి ఆవిడని ఇసకలోకి దించాను. నా భుజం పట్టుకుని, ఆయాసపడుతూ, బండి చుట్టూ తిరిగి వచ్చింది.

అక్కడుంది సముద్రం. ఒట్టి నీళ్ళు కాదు. ఆకాశం ఎక్కడ ఆగిందో తెలియకుండా, బూడిద రంగులో, ఊరంత ఊరు లేచి వచ్చి మా కాళ్ళ ముందు విరుగుతోంది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, వాన కాబట్టి ఎవరికీ తెలియలేదు. అత్త నోరు తెరిచి నిలబడిపోయింది.

మా ఆయన బండి మీంచి దూకి, గొడుగు పట్టుకుని పరిగెత్తుకొచ్చారు. గాలికి అది వెల్లకిలా తిరగబడింది. "అమ్మా! తడిసిపోతన్నావు! ఆయాసం వత్తాది, బండెక్కు!"

అత్త కొడుకు వైపు తిరిగింది. ఆవిడని అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు.

"ఇంత దాన్ని నా ఎనకాల ఎట్టి, నన్ను సెట్లు సూడమన్నాడా మీ నాన్న?"

మా ఆయన ఇటూ అటూ చూసి, "బండోడు సూత్తన్నాడమ్మా" అన్నారు గొంతు తగ్గించి.

"నీకంత సిగ్గయితే నువ్వెక్కి పరదా యేసుకో."

ఆయన ఇద్దరి మొహాలూ చూశారు. తర్వాత, చలికో సిగ్గుకో, నిజంగానే వెళ్ళి బండెక్కి పరదా దించుకున్నారు. సత్తియ్య పాపం ఎద్దుల మూపులు నిమురుతూ చెట్ల వైపు తిరిగి నిలబడ్డాడు.

మేమిద్దరం మోకాళ్ళ దాకా నీళ్ళలోకి నడిచాం. కాసేపటికి బండిలోంచి ఆయన కేకలు మొదలయ్యాయి.

"ఏటంటన్నాడే?" అని అడిగింది అత్త, సముద్రం మీంచి చూపు తిప్పకుండానే.

"వినబడ్డం లేదత్తా" అన్నాను. బాగానే వినబడుతోంది.

"నాకూ అంతే" అంది అత్త.