చిల్వా సరస్సు ఎటు పారుతుంది?

జియోనె టీచరు హోంవర్కు దిద్దుతూ మధ్యలో ఆగిపోయింది. చిల్వా సరస్సు నీళ్ళు నదిగా పారి సముద్రంలో కలుస్తాయని సగం క్లాసు ఒకే వాక్యం రాసింది, కామాలతో సహా. ఫోనులో ఏఐని అడిగి దించేశారని తెలుస్తూనే ఉంది. కాపీ కొట్టినందుకు కాదు ఆమె బాధ. వాళ్ళంతా ఆ సరస్సు ఒడ్డున పుట్టినవాళ్ళే. దాన్నుంచి బయటికి పోయే ఏరు ఒక్కటీ లేదు, అందుకే నీళ్ళు ఉప్పగా ఉంటాయి.

అలినాఫెను పిలిచింది. "మీ నాన్న వల వేసేది అక్కడే కదా. ఏ నది బయటికి పోతోందే?"

"ఏదీ పోదు మేడం." అలినాఫె తల వంచుకుంది. "కానీ ఫోనుకి నాకన్నా ఎక్కువ తెలుసేమో అనుకున్నా."

హెడ్మాస్టరు చిసాలె ఫోనులు బడిలోకే రానివ్వొద్దన్నాడు. గేటు దాటాక ఏం చేస్తాం సార్, సరిగ్గా వాడడం నేర్పుతానని జియోనె పట్టుబట్టి కొంత గడువు తీసుకుంది. నిజానికి ఏఐ గురించి ఆమెకు తెలిసిందీ అంతంతమాత్రమే. పిల్లలతో పాటే నేర్చుకుంది.

అందర్నీ ఒడ్డుకు తీసుకెళ్ళింది. ఆ నది పేరేమిటని అక్కడే ఫోనును అడిగించింది. అడిగిన ప్రతిసారీ అది ఓ కొత్త పేరు చెప్పింది. పిల్లలు పడీ పడీ నవ్వారు. అది సరస్సును చూడలేదని, లోకంలో రాసిన రాతల్ని బట్టి నప్పే మాటలు పేరుస్తుందని, చాలా సరస్సుల్లోంచి నదులు పారతాయి గనక దీనికీ ఒకటి అంటగట్టిందని అప్పుడు వివరించింది. ఆ రోజు నుంచి ఏ జవాబు వచ్చినా ఎక్కడిదని అడగడం, మరోచోట సరిచూడడం పిల్లలకు పందెంలా మారింది.

గడువు తీరేనాటికి, పిల్లలు నేర్చింది చూపించడానికి చుట్టుపక్కల బడుల టీచర్లను పిలిచింది. ముందు నిలబడింది అలినాఫె. మొక్కజొన్న తెగులు గురించి ఒక సారు ఏఐని అడిగితే జవాబు ధారాళంగా వచ్చింది. అందరూ తలలూపారు.

"బాగుంది సార్," అంది అలినాఫె. "నిజమో కాదో ఎలా తేల్చుకుంటారు?"

ఆ పిల్లే ఆ జవాబును ఒక్కో ముక్కా విడదీసి, దేన్ని నమ్మొచ్చో, దేన్ని వ్యవసాయాధికారిని అడగాలో చూపించింది. గొంతు గది చివరిదాకా వినబడింది. ముందుగా చప్పట్లు కొట్టింది చిసాలె.

ఇప్పుడు శనివారాలు టీచర్లే బెంచీల మీద కూర్చుంటున్నారు, పిల్లలు పాఠం చెబుతున్నారు. వెనక బెంచీలో కూర్చున్న జియోనెకు నవ్వు ఆగదు.