పగటి కరెంటు

“మా ఇంట్లో పగలు కరెంటుతో పనేముందమ్మా? నేను లాంచీ మీద ఉంటాను, ఈవిడ ఇంట్లోనే ఉంటుంది.”

వరండాలో కూర్చుని భర్త ఇంజినీరమ్మతో ఆ మాట అంటున్నప్పుడు, లోపల మామగారికి విసనకర్రతో విసురుతున్న ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆయన కళ్ళు తెరిచేసరికి మళ్ళీ విసరడం మొదలుపెట్టింది.

ఆ దీవిలో ఇన్నాళ్ళూ డీజిలు జనరేటరే దిక్కు. సాయంత్రం ఆరు నుంచి పది దాకా నడిచేది, అంతే. ఇప్పుడు కొండవాలు నిండా సోలార్ ప్యానెళ్ళు పరిచారు, రేవు పక్కన రెండు గాలిమరలు నిలబెట్టారు. ఏ ఇంటికి ఎంత కరెంటు కావాలో రాసుకుంటూ ఇంజినీరమ్మ ఇల్లిల్లూ తిరుగుతోంది. రాసిచ్చినదాన్ని బట్టే వాటా. ఐదేళ్ళ దాకా మార్చరట. లాంచీ నడిపే భర్త అన్నిటికీ తడుముకోకుండా జవాబులు చెప్పి, సాయంత్రంలోగా కరెంటు సంఘం ఆఫీసులో ఇచ్చి రమ్మని ఫారం భార్య చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మామగారు నిద్రలోకి జారుకున్నాక ఆమె దాన్ని చదివింది. బట్టలుతికే మిషను: లేదు. నీళ్ళ మోటారు: లేదు. పగటిపూట ఫ్యాను: లేదు. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. మిషను లేదు కాబట్టే డీజిలు మరకల చొక్కాలు ఉతికి ఉతికి ఆమె వేళ్ళు పగిలాయి. మోటారు లేదు కాబట్టే దిగువ బావి నుంచి రోజూ పద్నాలుగు బిందెలు మెట్లెక్కి ఇంటికొస్తున్నాయి. మామగారికి పక్షవాతం వచ్చి నాలుగేళ్ళు, ఉక్కకి ఆయన వీపు పుండు పడకుండా మధ్యాహ్నమంతా విసురుతూనే ఉంది. ఒకసారి భుజం పట్టేసిందంటే, కూర్చుని చేసే పనేగా అన్నాడు భర్త. మా వదినకేం, నీడపట్టున ఉంటుంది అని వచ్చినప్పుడల్లా ఆడపడుచు నవ్వేది. తనూ ఆ నవ్వులో నవ్వు కలిపేది. ఎందుకు నవ్వినట్టు? మిషన్లున్న ఇళ్ళకి పెద్ద వాటా వస్తుంది. మిషన్ల బదులు తను అరిగిపోతున్న ఈ ఇంటికి అందరికన్నా తక్కువ వస్తుంది. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ తన పని పేరు ‘లేదు’ అన్నమాట.

పక్కింటి పిన్నిని మామగారి దగ్గర కూర్చోమని చెప్పి, చెప్పులేసుకుని సంఘం ఆఫీసుకి బయల్దేరింది.

“చేత్తో చేసే పని ఇందులో ఎక్కడ రాయాలమ్మా?” అని ఇంజినీరమ్మని అడిగింది.

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. “దానికి గడి లేదక్కా. ఇకముందు కావాల్సినవి మాత్రం రాయొచ్చు. మీవారిని అడిగాను, ఏమీ అక్కర్లేదన్నారు.”

“నన్నడగలేదు.”

ఇంజినీరమ్మ పాతది పక్కన పెట్టి, కొత్త ఫారం తీసి ఆమె ముందుకు జరిపింది. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరు సంతకం చేసినా చెల్లుతుందని కూడా చెప్పింది. ఆమె మిషను రాసింది, మోటారు రాసింది, పగటి ఫ్యాను రాసింది. పెళ్ళయ్యాక సంతకం చేసే అవసరమే రాలేదు. పేరు రాశాక చూస్తే అక్షరాలు చిన్నపిల్ల రాసినట్టున్నాయి, అయినా అలాగే ఇచ్చేసింది.

సాయంత్రం లాంచీ రేవుకి చేరేలోపే కబురు అక్కడికి చేరింది. భర్త వచ్చేసరికి ఆమె మామగారికి చెంచాతో పాలు పడుతోంది.

“ఎవరినడిగి రాశావు?” అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

చెంచాలో పాలు ఒలికిపోకుండా మామగారి నోటికి అందించి, పెదాలు తుడిచి, అప్పుడు తలెత్తింది.

“చేసేదాన్ని నేనే కదా. నన్ను నేను అడిగే రాశాను.”