పండ్లు కట్టే ఉస్తాదు

పోలీస్ చర్య జరిగిన మరుసటేడు తాండూరుకు పండ్లు కట్టే చీనా దేశస్థుడు ఒకడొచ్చాడు. పేరు చెన్. పెట్టుడు పన్ను ఎంత గట్టిగా కూర్చేవాడంటే, బుగ్గమ్మ అనే ముసలమ్మ ఆ పండ్లతో చెరుకు నమలబోతే పక్కనున్న సొంత పండ్లే ఊడిపోయాయట!

అతడికి చీనా సాము కూడా వచ్చని విని, బండలు కొట్టే మొగులప్ప అతడి దగ్గర అది నేర్చుకోవాలని ఏళ్లతరబడి తిరిగాడు. చెన్ నేర్పింది ఒకటే: గుర్రమెక్కినట్టు మోకాళ్లు వంచి కదలకుండా నిలబడటం.

"ఉస్తాద్, కాళ్లు గుంజుతున్నయ్. కొట్టుడెప్పుడు చూపిస్తవ్?"

"కొట్టుడు కాదు మొగులప్పా. కుంగ్ ఫు అంటె ఏండ్లకేండ్లు చెమటోడ్చి సంపాయించిన పనితనం. వంటోనికి గూడ ఉంటది. నువ్వు కొడితె బండ నున్నగ చీలుతది సూడు, గదే."

"మరి సాము?"

"అదీ గట్లనె వస్తది. మా దిక్కు రైతులు నేర్సిండ్రు, సిపాయిలు నేర్సిండ్రు, గుళ్లల్ల సన్నాసులు నేర్సిండ్రు. మీ దేశం సన్నాసే వచ్చి మొదలుపెట్టిండని గూడ అంటరు. నాకైతె నమ్మకం లేదు."

అసలు విద్య దాస్తున్నాడనుకున్నాడు మొగులప్ప.

పీర్ల పండగకు, తాలీంలో సాము నేర్చే శాగిర్దు, అంటే శిష్యుడు, బజారులో నిలబడి తన ఉస్తాదు ఘనత చాటడం అక్కడి ఆచారం. ఎంత పెంచితే అంత మర్యాద. మొగులప్ప తక్కువ చేస్తాడా! "మా ఉస్తాద్ ఒక్క ఏలుతోటి పదిమందిని ఎగరేసిండు! ఊపిరితోటి బండ పలగ్గొట్టిండు!" జనం ఈలలేశారు. చెన్ సిగ్గుతో దుకాణం తలుపు మూసుకున్నాడు.

అది అరవై రెండు. చలికాలానికి చీనాతో యుద్ధమొచ్చింది. పోలీసులు చెన్ పేరూ ఊరూ రాసుకుపోదామనే వచ్చారు. బజారులో విచారిస్తే అందరిదీ ఒకటే మాట: పదిమందిని ఎగరేసిన మొనగాడు. బేడీలు వేసి రైలెక్కించారు.

మొగులప్ప కూడా అదే రైలెక్కాడు. వికారాబాదులో బండి ఆగగానే, చెన్‌కు కాపలాగా ఉన్న పోలీసు జమాదారు కాళ్ల మీద పడ్డాడు.

"సాబ్, గవన్నీ నేనల్లిన అబద్ధాలు. ఆయనకు పండ్లు కట్టుడు దప్ప ఏం రాదు."

"శాగిర్దువా? నువ్వింత దాస్తున్నవంటె వాని దగ్గర ఇంకెంత ఉన్నదో! తాడు తేండ్రా."

బేడీల మీద తాడు పడింది.

"ఈగను గూడ కొట్టలే సాబ్!"

తాడు ఇంకో చుట్టు బిగిసింది. చెన్ పెనుగులాడలేదు. వేళ్లు నల్లబడుతున్నాయి.

"నీ కాళ్లు మొక్కుత మొగులప్పా," అన్నాడు మెల్లగా, "చుప్ ఉండు."

మొగులప్ప నోరు మూసుకున్నాడు.

"చూసిండ్రా, ఒప్పుకున్నడు," అన్నాడు జమాదారు.

బండి హైదరాబాదు వైపు కదిలింది.