చక్రం తగిలించే పిన్ను

కలకత్తా పక్కనే ఉన్న మా సంత్రాగాఛి రైల్వే క్వార్టర్స్‌లో విశ్వకర్మ పూజ రోజున పనిముట్లకి సెలవు. పొద్దున్నే ఫిట్టర్లంతా సుత్తులూ స్పానర్లూ కడిగి, బొట్లు పెట్టి, పందిట్లో దేవుడి ముందు వరసగా పెడతారు. మర్నాడు నిమజ్జనం అయ్యేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు. నేను అకౌంట్స్ గుమాస్తాని. నిరుడు ఉండబట్టలేక నా స్టేప్లర్ తీసుకెళ్ళి వాటి పక్కన పెట్టాను. దానికి బొట్టు పెట్టాలో వద్దో తెలీక పూజారి నా మొహం చూశాడు. కాలనీ అంతా ఏడాది పొడుగునా నవ్వింది.

ఈసారి మాత్రం నా దగ్గర అసలైన పనిముట్టు ఉంది. నేను సెకండ్‌హ్యాండులో కొన్న కారు విదేశీ రకం. మామూలు కార్లకి చక్రం తగిలించడానికి మేకుల్లాంటి స్టడ్లు ఉంటాయి, వాటి మీద నట్లు బిగిస్తారు. నా కారుకి అవి లేవు, వట్టి కన్నాలే. బరువైన చక్రాన్ని ఎత్తి పట్టుకుని, కన్నానికి కన్నం కలిపి, బోల్టు దూర్చాలి. ఈ బాధ తప్పించడానికి జానెడు ఇనప పిన్ను ఒకటి దొరుకుతుంది. దాన్ని ఒక కన్నంలో బిగించి, కొక్కేనికి చొక్కా తగిలించినట్టు చక్రాన్ని దానికి తగిలించి, మిగతా బోల్టులు తీరిగ్గా తిప్పుకోవచ్చు. తెప్పించినప్పటి నుంచీ దాన్ని జేబులో వేసుకుని తిరిగాను. చూపించని మనిషి లేడు. వాడే అవసరం మాత్రం రాలేదు.

పూజ నాడు దాన్ని ఎర్ర గుడ్డ మీద, అందరి స్పానర్లకంటే ముందు పెట్టాను.

ఆ సాయంత్రమే కలకత్తాలో తెలుగువాళ్ళ హాల్లో మా ఆవిడ పుష్పరాణి పాట. ఊడ్పుల్లో వాళ్ళమ్మ పాడిన పాట అది. వంటింట్లో తప్ప మరెక్కడా పాడని మనిషి, నన్ను ఒక్కటే అడిగింది. "మీరు ముందు వరసలో కూకోండి. మీ మొకం సూసి పాడేస్తాను. లేపోతే నాకు గొంతు పెగల్దు."

ఇంతకంటే సులువైన పని నాకెవరూ అప్పగించలేదు. కూచోవడం నా ఉద్యోగం.

గేటు దాటామో లేదో ముందు చక్రం గాలి పోయింది. డిక్కీలో స్టెప్నీ ఉంది, జాకీ ఉంది, స్పానర్ ఉంది. పిన్ను దేవుడి దగ్గరుంది. పందిట్లోకి పరిగెత్తాను. పూజ చూసుకుంటున్న ఫిట్టర్ బైరాగి చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఏటి శ్యాంబాబూ ఇది? పూజలో కూకున్న పనిముట్టు ఇయాల లెగదు."

"వాడుకుని మళ్ళీ పెట్టేస్తాను, బైరాగి మామా."

"దేవుడికి బదులిచ్చినావేటి, తిరిగి తీసుకోడానికి? పద, నలుగురం వచ్చి నీ సెక్రం ఎత్తుతాం."

అక్కడ సరేనంటే నేను నేనెందుకవుతాను? స్టేప్లర్ గుర్తొచ్చింది. "నా చక్రం నేనెత్తుకోగలను" అని రోషంగా వచ్చేశాను.

మెకానిక్కులంతా కొట్లు మూసి, ఈ పండక్కి ఇక్కడి ఆనవాయితీ ప్రకారం మేడలెక్కి గాలిపటాలు ఎగరేస్తున్నారు. నేను చక్రం ఎత్తాను. కన్నం కలిస్తే బోల్టు జారుతోంది, బోల్టు అందుకుంటే చక్రం కాలి మీద పడుతోంది. ఎక్కడో పటం తెగి "భో కట్టా!" అని అరిచినప్పుడల్లా నన్నే అంటున్నట్టు తోచింది.

"బస్సులో పోదారి రండి, ఇద్దరం" అంది పుష్పరాణి, పట్టుచీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని.

"అయిపోయింది, ఒక్క నిమిషం" అన్నాను. ఆ మాట ఎన్నిసార్లు అన్నానో నాకే తెలీదు. చివరికి ఆమె "మీరు బిగించుకుని రండి" అని ఒక్కతే బస్టాండు వైపు నడిచింది. వదిలేసి వెంట వెళ్ళాల్సింది. బోల్టు పట్టుకుని నిలబడ్డాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

చక్రం ఎలా కూచుందో నాకూ తెలీదు. జాకీ దించి, సామాను డిక్కీలోకి విసిరి, నల్లటి చేతుల్తోనే హాలు చేరాను. పుష్పరాణి స్వీటు పొట్లంతో మెట్ల మీద కూచుని ఉంది.

"అయిపోయిందండీ."

"భయం వెయ్యలేదా?"

"ముందు వరసలో ఓ బెంగాలీ ముసలాయన నోరు తెరిసి నిద్రపోతన్నాడు. అచ్చం మీలాగే ఉన్నాడు. ఆయన్ని సూసి పాడేసినాను."

నవ్వుతూనే అంది. నా కుర్చీలో మరొకడు నిద్రపోయి నా పని పూర్తి చేశాడు. కారెక్కాక "ఓసారి నాకోసం పాడవూ" అని బతిమాలాను. హుగ్లీ నది దాటే సెకండ్ బ్రిడ్జి మీద మొదలుపెట్టింది. పల్లవి దాటకుండానే ఆపేసింది.

"ఆ తాళం ఏటండీ? నా పాటకి కలవట్లేదు."

ముందు చక్రం టకటకమంటోంది. కారు నేలకి దిగాక బోల్టులు గట్టిగా బిగించాలన్న సంగతి, పిన్ను గురించి ఊరంతటికీ ఉపన్యాసం ఇచ్చిన నేను, మర్చిపోయాను.

ప్రాణాలు అరచేత పట్టుకుని నెమ్మదిగా వంతెన దిగి, టోల్ దాటాక పక్కకి ఆపాను. స్పానర్ తీసుకుని మోకాళ్ళ మీద కూచున్నాను. ఆమె నా ఎదురుగా వచ్చి నిలబడి, నా మొహంలోకి చూస్తూ పాట మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.

ఆఖరి బోల్టు బిగిసిపోయింది. పాటలో ఇంకా ఒక చరణం ఉంది. స్పానర్ ఊరికే దానికి తగిలించి, బిగిస్తున్నట్టు నటిస్తూ అలాగే కూచున్నాను.