తట్టి చూసే పని

మా ఆయనకు వినపడదన్న సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. నేనే తెలియనివ్వలేదు. ఇరవై ఏళ్లు టైల్స్ కోసే మిషను పక్కన కూర్చున్నవాడికి వినికిడి ఏం మిగులుతుంది? మొదట ఎడమ చెవి పోయింది, తర్వాత కుడిది. పెదవుల కదలిక చూసి మాట పట్టేస్తాడు. వెనక నుంచి పిలిస్తే పలకడు. గీత తప్పకుండా మట్టంగా అంటిస్తాడని ఆయనకు మట్టం మేస్త్రీ అని పేరు. మట్టం మేస్త్రీకి పొగరని జనం అనుకున్నారు. అనుకోనిచ్చాను. పొగరున్న మేస్త్రీకైనా పని దొరుకుతుంది, చెవిటి మేస్త్రీకి దొరకదు.

ఎందుకంటే గోడకు టైలు అంటించాక వేలి కణుపుతో తట్టి చూడాలి. వెనక సిమెంటు నిండుగా ఉంటే గట్టిగా మోగుతుంది. గాలి మిగిలిపోతే డొల్లగా మోగుతుంది. డొల్ల టైలు ఇవాళ కాకపోతే రేపైనా ఊడి నెత్తిన పడుతుంది. ఆ తేడా పట్టలేనివాడు ఎంత మట్టంగా అంటించినా లాభం లేదు. అందుకే సిమెంటు కలిపే మనిషిగా నేను ఆయన వెంట వెళ్తాను. ఆయన తట్టి నా ముఖం చూస్తాడు. బాగుంటే తల ఊపుతాను, డొల్లయితే ముక్కు గోక్కుంటాను. గోడలకు చెవులుంటాయంటారు. మా కాపురంలో అవి ఉన్నది నాకొక్కదానికే.

ఆర్నెల్లుగా నావీ మోసం చేస్తున్నాయి. ఎదురుగా నిలబడి మాట్లాడితే తెలుస్తోంది, సన్నటి చప్పుళ్లు మాత్రం అందడం లేదు. మిషను ఆయన చెవులే తింటుందని ఎలా అనుకున్నానో! దాని పళ్లచక్రం మీద నీళ్లు పోస్తూ పక్కన కూర్చున్నది నేనే కదా. మొన్నొక ఇంట్లో స్నానాలగది టైల్స్ నాలుగు రాలిపోయాయి. "ఇంకొక్కసారి ఇలా అయితే నా సైటు గడప తొక్కొద్దు" అన్నాడు కాంట్రాక్టరు. సిమెంటు పాతదై ఉంటుందని మా ఆయనకు సర్దిచెప్పాను. నోరు తెరిచి నిజం చెప్పడానికి అదే సమయం. చెప్పలేదు.

తర్వాత వచ్చిన పని ఒక వంటింటి గోడ. ఇంటావిడ రెండు రకాల టైల్స్ గట్టు మీద పరిచి పెట్టింది. ఒకటి రెండడుగుల పొడుగు పలక. రెండోది అరచేయంత ఉండే పొడుగు ముక్క, తెల్లగా, అంచులు వాలుగా, ముఖం కనిపించేంత నునుపుగా ఉంది.

"పెద్దవి వేయించుకోండమ్మా. సందులు తక్కువ, జిడ్డు పట్టదు. గుడ్డ పెట్టి ఒక్క తుడుపు తుడిస్తే చాలు" అన్నాను.

అబద్ధమేమీ కాదు. కానీ నా బాధ వేరు. పెద్దవైతే గోడంతా కలిపి పద్దెనిమిది, చిన్నవైతే దాదాపు మూడు వందలు. ఆయన మూడు వందల సార్లు తట్టి నా ముఖం చూడాలి.

"నాకు ఈ చిన్నవే నచ్చాయి. ఒకదాని మీద ఒకటి నిలువుగా పేర్చితే బాగుంటాయా?" అని ఆవిడ మా ఆయన్నే అడిగింది.

చిన్న టైల్స్ అంటే ఆయనకు ప్రాణం. వెంటనే నేల మీద రెండు రకాలుగా పేర్చి చూపించాడు. "నిలువు గీత వేస్తే గోడ వంకరంతా బయటపడుతుందమ్మా. ఇటుకల్లాగా పైవరస సగం జరిపేద్దాం. గోడ ఎంత వంకరున్నా కంటికి ఆనదు."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. సగం జరపాలంటే వరస విడిచి వరసకు చివర సగం ముక్కలు కావాలి. మళ్లీ మిషను, మళ్లీ ఆ మోత.

రెండు మూలలా ముక్కలు సమానంగా రావాలని ఆయన గోడ నడిమధ్య నుంచి మొదలుపెట్టాడు. అంటించాడు, తట్టాడు, నాకేసి చూశాడు. ఊపిరి బిగబట్టి విన్నాను. దుప్పటి కప్పుకుని విన్నట్టుంది. పక్కదీ అంతే. తల ఊపాను. ఊరికే ఊపితే అనుమానం వస్తుందని నడుమ నడుమ ముక్కు గోక్కున్నాను. పిచ్చి మనిషి, బాగా అంటుకున్న టైల్స్ పీకి మళ్లీ అంటించాడు. ఆయన చేతుల్లో పుట్టిన మంచి పనిని నేనే పాడుచేశాను.

చెప్పాలని నోటిదాకా వచ్చేది. చెబితే తాపీ కింద పెట్టేస్తాడు, ఆయనకున్నది ఆ చేతిపనొక్కటే. భయపడ్డాను. అంతకు మించి సాకు లేదు.

మూడో రోజు కాంట్రాక్టరు తాళంచెవి పట్టుకుని వచ్చాడు. ఈ మూల నుంచి ఆ మూల దాకా తట్టుకుంటూ, డొల్ల దొరికిన ప్రతిచోటా ఎర్ర పెన్సిలుతో గుర్తు పెట్టాడు. తెల్లటి గోడంతా గుర్తులే. తర్వాత మా ఆయన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"రేపటి నుంచి రావద్దు మేస్త్రీ. దీన్ని వేరేవాళ్లు పీకి మళ్లీ వేస్తారు."

అతను వెళ్లిపోయాడు. మా ఆయన నన్నే చూస్తున్నాడు. ఆ చూపు భరించలేక గోడవైపు తిరిగి, ఎండిన సిమెంటు మరకేదో తుడవడం మొదలుపెట్టాను. టైలు నునుపులో వెనక నిలబడ్డ ఆయన ముఖం కనిపించింది. పెదవులు కదిలాయి. నాకేమీ వినిపించలేదు. మళ్లీ కదిలాయి. నేను తిరగలేదన్న సంగతి ఆయన గమనించాడు. పలకనివాణ్ని చూసి జనం ఏమనుకుంటారో, అసలు కారణం ఏమిటో ఆయనకంటే బాగా ఎవరికి తెలుసు?

పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఎర్ర గుర్తున్న టైలును తట్టాడు, గుర్తులేనిదాన్ని తట్టాడు, రోజూ చూసినట్టే నా ముఖం చూశాడు. నేను తల ఊపలేదు, ముక్కూ గోక్కోలేదు. ఆయన మళ్లీ తట్టాడు.

"నాకూ వినపడట్లేదయ్యా" అన్నాను.

ఎంత గట్టిగా అన్నానో నాకు తెలియలేదు, ఆయనకూ తెలియలేదు. పక్కగదిలోంచి ఇంటావిడ మాత్రం ఏమైందోనని పరిగెత్తుకుంటూ వచ్చింది.